డబ్బు పోయిన రోజే నోరు తెరవాలి

(మండల సమాఖ్య మహాజన సభలో ఫోన్ చెల్లింపులు, కార్డులు, ఖాతా సమస్యల మీద మా గ్రామైక్య సంఘం తరఫున చేసిన ప్రసంగం)



మాది పదో తరగతి చదువు. బ్యాంకు సారు చెప్పినట్టు చెప్పడం మా వల్ల కాదు. సంఘం పని మీద బ్యాంకుల చుట్టూ తిరిగి, మా ఊరి సభ్యుల ఫిర్యాదులు రాసి రాసి తెలుసుకున్నది మాత్రం ఈ సభలో పెడతాము. మధ్యలో అర్థం కాకపోతే చెయ్యి ఎత్తండి, అక్కడే ఆపుతాము.

ఈ ఫోన్ డబ్బు మనకు వద్దు, నోట్లే మేలు అని కొందరు పెద్దమ్మలు అంటారు. వాళ్ళ భయం మేము తప్పు పట్టము. కానీ 2016 నవంబరు 8 రాత్రి నోట్లు రద్దయినప్పుడు పోపుల డబ్బాలో దాచుకున్న ఐదువందలు, వెయ్యిలు పట్టుకొని మనం ఎన్ని రోజులు క్యూలో నిలబడినామో మర్చిపోలేదు. ఫోన్‌లో డబ్బు పంపే యూపీఐ పద్ధతి వచ్చింది కూడా ఆ ఏడాదే. కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు దిక్కు నుంచి సుగ్గికని గుంటూరు మిరప కోతలకు పోయినోళ్ళు ముందు కూలి డబ్బు చీర కొంగున కట్టుకొని వచ్చేవాళ్ళు. రైల్లో పోయేది, బస్సులో పోయేది. ఇప్పుడు మేస్త్రీ సాయంత్రం కూలి ఇస్తే రాత్రికల్లా ఇంటికాడ ఉన్న అవ్వ ఖాతాలో పడుతుంది. ఉగ్గాని బజ్జీ బండికాడ కూడా స్కానర్ బోర్డు ఉంది. కాబట్టి వాడాలా వద్దా అనే మాట అయిపోయింది. వాడేటప్పుడు తేడా వస్తే ఎవరి దగ్గరికి పోవాలి, ఎన్ని రోజుల్లో పోవాలి అన్నదే మనకు కావాల్సింది.

మొదట ఒక ప్రశ్న అడుగుతాము. మీ బ్యాంకు ఖాతాకు లింకు అయిన ఫోన్ నంబరు ఎవరిది?

మా గ్రామైక్య సంఘంలో ఈ ప్రశ్న అడిగినప్పుడు చాలామంది పక్కవాళ్ళ మొహం చూసినారు. ఖాతా మన పేరున, ఫోను ఆయన జేబులో. కొందరిది కొడుకు నంబరు, కొడుకు బెంగళూరులో. ఒకామెది పాత నంబరు, రీచార్జి చేయక అది ఎప్పుడో పోయింది. వాడకుండా వదిలేసిన నంబరును కంపెనీ వాళ్ళు కొన్నాళ్ళకు వేరే మనిషికి ఇచ్చేస్తారు. అంటే మన ఖాతాలో డబ్బు తీసిన మెసేజి, ఓటీపీ రెండూ ముక్కూ మొహం తెలియని మనిషికి పోతాయన్నమాట. డబ్బు పోయిన సంగతే మనకు తెలియకపోతే ఫిర్యాదు ఎక్కడిది? అందుకని ముందు చేయాల్సింది బ్యాంకుకు పోయి, ఫారం నింపి, మన సొంత నంబరు ఎక్కించుకోవడం. టచ్ ఫోనే ఉండాలని లేదు. బటన్ల ఫోనుకు కూడా మెసేజి వస్తుంది. బటన్ల ఫోన్లో డబ్బు పంపడానికి కూడా 2022 మార్చి నుంచి యూపీఐ 123 పే అని పెట్టినారు. ఏటీఎం కార్డు లేనివాళ్ళు ఆధార్ ఓటీపీతో పిన్ పెట్టుకోవచ్చు, దానికీ ఆధార్‌కు, బ్యాంకుకు ఒకే నంబరు ఉండాలి.

ఇంటాయన నంబరు ఉంటే ఏమవుతుంది అని అడుగుతారు. ఏమీ కాకపోవచ్చు. కానీ మన ఖాతా సంగతి మనకంటే ముందు ఇంకొకరికి తెలియడం ఏం పద్ధతి అని మేమంటాము.

ఇంక పిన్ సంగతి. పొదుపు సంఘాలు మొదలైన రోజుల్లో మన పెద్దవాళ్ళకు వేలిముద్ర మానిపించి సంతకం నేర్పినారు. పిన్ అంటే ఆ సంతకమే. విత్‌డ్రాయల్ ఫారం మీద సంతకం పెడితే డబ్బు మన ఖాతా నుంచి పోతుంది. మన ఖాతాలో డబ్బు వేయడానికి వచ్చినవాడు మన సంతకం అడుగుతాడా? అడగడు. మనకు డబ్బు రావాలంటే పిన్ కొట్టే పని లేదు, స్కాన్ చేసే పని లేదు. ఎవరైనా “మీకు డబ్బు పంపుతున్నా, పిన్ కొట్టండమ్మా” అన్నాడంటే వాడు మన దగ్గర సంతకం పెట్టించుకుంటున్నట్టే.

ఇది తెలియక కాదు మనవాళ్ళు మోసపోయేది. తెలిసినా, తొందరపెడితే మోసపోతారు. మా సంఘంలో ఒక అక్క ఎమ్మిగనూరులో చీరలు తెచ్చి ఊర్లలో అమ్ముతుంది, ఫోటోలు తీసి వాట్సాప్‌లో పెడుతుంది. ఒకడు ఫోన్ చేసి తాను మిలిటరీలో ఉన్నానని, తమ క్యాంపులో ఫంక్షన్‌కు పది చీరలు కావాలని చెప్పినాడు. బేరం కూడా ఆడలేదు. అడ్వాన్సు వేస్తానని ఒక స్కానర్ బొమ్మ పంపి, స్కాన్ చేసి పిన్ కొట్టమన్నాడు. 9,000 పోయింది. “అయ్యో అమ్మా, రివర్స్ అయింది, ఇంకోసారి కొడితే రెండూ కలిసి వస్తాయి” అన్నాడు. ఇంకో 9,500 పోయింది. అది స్త్రీనిధి నుంచి తీసుకున్న అప్పు, ఇంకా సరుకు కూడా కొనలేదు.

పోయింది 18,500. దానికంటే పెద్ద నష్టం తర్వాత జరిగింది. ఆ అక్క ఎవరికీ చెప్పలేదు. ఇంట్లో చెబితే తిడతారని, సంఘంలో చెబితే నవ్వుతారని లోపలే పెట్టుకుంది. కిస్తీ రోజు దగ్గర పడుతుంటే ఊర్లో ఐదు రూపాయల వడ్డీకి తెచ్చి కట్టింది. పదకొండో రోజు మీటింగులో మొహం చూసి మేమే గుచ్చి గుచ్చి అడిగితే ఏడుస్తూ చెప్పింది. అప్పుడు అందరం కలిసి ఫిర్యాదు చేసినాము. కానీ అప్పటికే ఆ డబ్బు ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు, అక్కడి నుంచి ఏటీఎంకు పోయింది. ఇప్పటికీ ఒక్క రూపాయి తిరిగి రాలేదు.

అదే ఏడాది ఇంకో చెల్లెలికి రాత్రి పూట కార్డు మీద 6,999 కట్ అయినట్టు మెసేజి వచ్చింది. తాను ఏమీ కొనలేదు, ఎవరికీ ఓటీపీ చెప్పలేదు. పొద్దున్నే పాలు పిండే పని కూడా ఆపుకొని ఫోను పట్టుకొని మా ఇంటికి వచ్చింది. కార్డు వెనకాల ఉన్న నంబరుకు ఫోన్ చేసి కార్డు బ్లాక్ చేయించినాము. పది గంటలకు బ్యాంకు తెరవగానే కాగితం మీద రాసి ఇచ్చి, రెండో కాపీ మీద తేదీతో స్టాంపు వేయించుకున్నాము. పది పని దినాలు గడవక ముందే ఆ మొత్తం ఖాతాలో జమ అయింది, తర్వాత విచారణ కూడా ఆమెకు అనుకూలంగానే ముగిసింది. ఆ చెల్లెలు ఆ అక్క కంటే ఎక్కువ చదువుకున్నదేమీ కాదు. వచ్చి చెప్పింది, అంతే.

దీని వెనక ఒక ఆర్డరు ఉంది. 2017 జూలై 6న రిజర్వు బ్యాంకు అన్ని వాణిజ్య బ్యాంకులకు ఇచ్చింది. మన తప్పు లేకుండా, బ్యాంకు తప్పు కూడా లేకుండా, బయటివాడెవడో మన ఖాతా నుంచి డబ్బు లాగితే, బ్యాంకు మెసేజి వచ్చిన తర్వాత మూడు పని దినాల్లో చెబితే మన నష్టం సున్నా. మెసేజి వచ్చిన రోజు లెక్కలోకి రాదు, సెలవు దినాలు లెక్కలోకి రావు. నాలుగు నుంచి ఏడు పని దినాల్లో చెబితే కొంత మనం భరించాలి: జీరో బ్యాలెన్సు ఖాతాకు ఎక్కువలో ఎక్కువ 5,000, మామూలు పొదుపు ఖాతాకు 10,000. ఏడు దాటితే ఆ బ్యాంకు పాలసీ ఎట్లా ఉంటే అట్లా. బ్యాంకు వైపు తప్పే ఉంటే మనం ఎప్పుడు చెప్పినా నష్టం వాళ్ళదే. మనమే ఓటీపీ చెప్పినామా, పిన్ ఇచ్చినామా అన్నది రుజువు చేయాల్సింది కూడా బ్యాంకే. కౌంటర్లో కూర్చున్న పిల్లోడు “మీరే చెప్పుంటారు లేమ్మా” అంటే లేచి రావద్దు. కాగితం తీసుకొని స్టాంపు వేయమని నిలబడండి.

మనమే పిన్ కొట్టినప్పుడు, ఓటీపీ చెప్పినప్పుడు? చెప్పేదాకా పోయినది మన నెత్తినే పడుతుంది. చెప్పిన తర్వాత పోయేది బ్యాంకు నెత్తిన. అంటే మన తప్పు ఉన్నప్పుడు ఇంకా తొందరగా చెప్పాలి. మనవాళ్ళు చేసేది దీనికి తిరగమరగ. తప్పు తమది అనుకున్నప్పుడే ఎక్కువ దాస్తారు.

అప్పుడు పట్టుకోవాల్సిన నంబరు 1930. సైబర్ నేరాలకు దేశమంతా ఒకటే నంబరు. ఫోన్ చేయగానే పోయిన డబ్బు ఏ ఖాతాలోకి పోయిందో చూసి, అక్కడ ఇంకా ఉంటే ఆపి పెడతారు. దొంగ దాన్ని బయటకు తీసుకోక ముందు ఆపాలి. అందుకే గంటల లెక్క ఇది, రోజుల లెక్క కాదు. చేతిలో ఉండాల్సినవి: ఎంత పోయింది, ఎన్ని గంటలకు, మెసేజిలో ఉన్న పన్నెండు అంకెల యూటీఆర్ నంబరు, మన బ్యాంకు పేరు. వాళ్ళు ఇచ్చే ఫిర్యాదు నంబరు పుస్తకంలో రాసుకోవాలి. చీరల అక్క ఆ మధ్యాహ్నమే 1930కి చేసి ఉంటే మొత్తం దొరికేదని మేము చెప్పము. కానీ దొరికే దారి అప్పుడు తెరిచి ఉండేది.

ఈ విషయం మీద మా గ్రామైక్య సంఘంలో పెద్ద వాదనే జరిగింది. డబ్బు పోయిన సంగతి సంఘంలో చెప్పాలని తీర్మానం రాద్దామంటే ఇద్దరు ముగ్గురు ఒప్పుకోలేదు. సంఘం పరువు పోతుంది, రేపు లింకేజీ ఇచ్చేటప్పుడు బ్యాంకు సారు వెనక్కి పట్టుకుంటాడు అన్నారు. వాళ్ళ మాటలో కొంచెం నిజం లేకపోలేదు. అయినా ఒక సభ్యురాలు లోపల లోపల ఐదు రూపాయల వడ్డీ కడుతుంటే సంఘం పరువు ఎక్కడ నిలబడుతుంది? మూడో నెల కిస్తీ ఆగితే పది మందీ కట్టాల్సిందే కదా. చివరికి తీర్మానం రాసినాము. డబ్బు పోయిన సభ్యురాలు అదే రోజు సంఘం లీడరుకు గానీ సంఘమిత్రకు గానీ చెప్పాలి. చెప్పినప్పుడు “ఎందుకు చేసినావు” అని ఎవరూ అడగకూడదు. ఒకరు ఆమెతో బ్యాంకుకు పోవాలి, చార్జీలు గ్రామైక్య సంఘం నుంచి. ఎందుకు చేసినావని అడగకూడదన్న మాట మినిట్స్ పుస్తకంలో రాయడానికి సంఘమిత్ర నవ్వింది. మేము రాయించినాము.

మోసం కాకుండా ఊరికే ఇరుక్కుపోయే డబ్బు వేరే. మన ఖాతాలో కట్ అవుతుంది, అవతలి మనిషికి చేరదు. దీనికి కంగారు పడాల్సిన పని లేదు. రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబరు 20న గడువులు పెట్టింది. మనిషికి పంపిన యూపీఐ డబ్బు చేరకపోతే మర్నాటికల్లా తిరిగి రావాలి. దుకాణానికి కట్టింది చేరకపోతే ఐదు రోజులు. ఏటీఎంలో నోట్లు రాకుండా ఖాతాలో కట్ అయితే కూడా ఐదు రోజులు. గడువు దాటితే రోజుకు 100 రూపాయలు మన ఖాతాలో వేయాలి, మనం అడగకపోయినా వేయాలి. ఈ రోజుల్లో చేయకూడని పని ఒకటే, గూగుల్‌లో కస్టమర్ కేర్ నంబరు వెతకడం. అక్కడ కనిపించే నంబర్లలో దొంగలవి ఉంటాయి. ఇరుక్కుపోయిన 500 కోసం పోయి ఉన్న 15,000 పోగొట్టుకున్నవాళ్ళు ఉన్నారు. యాప్‌లోనే ఆ చెల్లింపు మీద నొక్కితే ఫిర్యాదు అని ఉంటుంది, అక్కడ పెట్టాలి. లేదంటే పాసుబుక్కు మీద, కార్డు వెనక ఉన్న నంబరు.

మనమే పొరపాటున వేరేవాళ్ళ నంబరుకు పంపితే మాత్రం బ్యాంకు తనంతట తాను వెనక్కి లాగలేదు, అవతలివాళ్ళు ఒప్పుకోవాలి. అందుకే పెద్ద మొత్తం పంపే ముందు ఒక రూపాయి పంపి, చేరిందా అని అడిగి, తర్వాత మిగతాది పంపండి.

వేలిముద్రతో డబ్బు తీసేవాళ్ళకు ఒక మాట. బ్యాంకు మిత్ర దగ్గర వేలు పెట్టినాక రసీదు అడగండి. “సర్వర్ లేదు, ఇంకోసారి పెట్టు” అంటే పెట్టే ముందు మొదటిసారి కట్ అయిందా అని చూపించమనండి. రిజిస్ట్రేషన్ కాగితాల మీది వేలిముద్రలు అచ్చు తీసి డబ్బు లాగిన కేసులు మన తెలుగు రాష్ట్రాల్లోనే అయినాయి. ఆధార్ యాప్‌లో వేలిముద్రలకు తాళం వేసుకోవచ్చు, పని ఉన్నప్పుడు తీసుకోవచ్చు. మాకు తెలిసి పింఛను తీసుకునే అవ్వలకు ఇది కొంచెం ఇబ్బందే, ఇంట్లో పిల్లలు సాయం చేయాలి.

ఇప్పుడు చెప్పబోయేది వ్యాపారం చేసేవాళ్ళు గట్టిగా వినండి. రోడ్డు పక్కన ఉగ్గాని, వడ అమ్ముకునే మా సభ్యురాలి ఖాతా ఒకరోజు ఆగిపోయింది. డబ్బు వస్తుంది, బయటకు పోదు. ఆమె ఎవరినీ మోసం చేయలేదు, ఆమెను ఎవరూ మోసం చేయలేదు. దారిన పోయే ఒకడు తిని 60 రూపాయలు స్కాన్ చేసినాడు. ఆ 60 రూపాయలు వేరే రాష్ట్రంలో ఎవరిదో దొంగిలించిన డబ్బులో భాగమట. పోలీసులు ఆ డబ్బు దారి పట్టుకొని పోతూ, చేరిన ఖాతాలన్నీ ఆపమన్నారు. పాపం ఆమె కిస్తీ డబ్బు కూడా అందులోనే ఉండిపోయింది. బ్యాంకులో అడిగి, ఏ పోలీసు స్టేషన్, ఏ ఫిర్యాదు నంబరు అన్నది కాగితం మీద తీసుకున్నాము. బండి ఫోటో, ఆ రోజు అమ్మకం లెక్క, ఆధార్ కాపీ పెట్టి అర్జీ రాసి, బ్యాంకుకు ఒకటి, ఆ స్టేషన్‌కు ఒకటి పంపినాము. మొత్తం ఖాతా కాకుండా ఆ 60 వరకే ఆపి పెట్టమని కూడా అందులో రాసినాము. కొన్ని వారాలు పట్టింది, తర్వాత వదిలినారు. అప్పటి నుంచి మా ఊర్లో వ్యాపారం చేసేవాళ్ళకు స్కానర్ ఖాతా వేరు, పొదుపు, కిస్తీ ఖాతా వేరు. మీరూ అట్లా పెట్టుకోండి.

దీనితోనే ఇంకో ముచ్చట. “మీ ఖాతా కొన్ని రోజులు మాకు వాడుకోవడానికి ఇవ్వండి, నెలకు ఇంత ఇస్తాము” అని ఊర్లలో కొందరు తిరుగుతున్నారు. దొంగ డబ్బు దాటించడానికి అడిగే అద్దె అది. పాసుబుక్కు, ఏటీఎం కార్డు, సిమ్ ఇచ్చినారంటే కేసు మీ పేరున అవుతుంది.

ఇంక క్రెడిట్ కార్డు. మన ఇండ్లలో ఆ మాట అనగానే 1998లో వచ్చిన కిసాన్ క్రెడిట్ కార్డు గుర్తొస్తుంది. అది పంట అప్పు, దాని వడ్డీ వేరు, సబ్సిడీ వేరు. ఇప్పుడు కర్నూలులో, కడపలో షాపింగ్ మాల్‌కు పోతే గుమ్మం దగ్గరే పిల్లలు నిలబడి “ఆంటీ, ఫ్రీ కార్డు” అని ఇచ్చేది అది కాదు.

కార్డు చెడ్డది అని మేము చెప్పడం లేదు. మన ఖాతాలో డబ్బు లేకపోయినా సరుకు కొనవచ్చు, బిల్లు వచ్చినాక గడువు తేదీలోగా మొత్తం కడితే ఒక్క పైసా వడ్డీ పడదు. చీరల కొట్టు, కిరాణా నడిపేవాళ్ళకు నెల రోజుల పైన వడ్డీ లేని అప్పు ఎవరిస్తారు? 2022 నుంచి రూపే క్రెడిట్ కార్డును యూపీఐకి కూడా లింకు చేసుకోవచ్చు. దుకాణం స్కానర్‌కు కట్టడానికే అది, మనుషులకు పంపడానికి కాదు. 2025 కేంద్ర బడ్జెట్‌లో ఉద్యమ్‌లో నమోదైన చిన్న వ్యాపారులకు 5 లక్షల దాకా పరిమితి ఉండే కార్డులు ఇస్తామని చెప్పినారు. కాబట్టి రేపు ఈ కార్డు మన గుమ్మంలోకే వస్తుంది. వచ్చేలోపు దాని లెక్క మన భాషలో తెలుసుకోవాలి.

మన భాష అంటే నూటికి నెలకు ఎన్ని రూపాయలు అనేదే. సంఘంలో ఒక రూపాయి వడ్డీ. ఊర్లో రెండు, మూడు, అవసరం చూసి ఐదు. బిల్లు మొత్తం కట్టకపోతే కార్డు వడ్డీ ఎంత? చాలా కార్డులకు మూడు, మూడున్నర రూపాయల దగ్గర ఉంటుంది. మూడున్నర వేసే కార్డు మీద 30,000 బాకీ ఉందనుకోండి. నెలకు వడ్డీ 1,050. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, అది 189. మొత్తం 1,239. బిల్లు మీద పెద్ద అక్షరాల్లో ‘కనీసం కట్టాల్సింది 1,500’ అని ఉంటుంది. మనం 1,500 కట్టేసి, కిస్తీ కట్టినట్టే కదా అనుకొని ఊరుకుంటాము. అసలులో తగ్గింది ఎంత? 261 రూపాయలు. అదే 30,000 సంఘం అప్పయితే రూపాయి వడ్డీకి 300 పోతుంది, 1,500 కడితే అసలులో 1,200 తగ్గుతుంది. కనీస మొత్తం కడితే లేటు ఫీజు తప్పుతుంది, సిబిల్ చెడకుండా ఉంటుంది. అప్పు మాత్రం తీరదు. పైగా పాత బాకీ ఉన్నన్ని రోజులు కొత్తగా కొన్నదానికి కూడా కొన్న రోజు నుంచే వడ్డీ. కార్డు పెట్టి ఏటీఎంలో నోట్లు తీస్తే ఆ రోజు నుంచే వడ్డీ, ఫీజు వేరే. దుకాణంలో కార్డు గీకి నగదు ఇస్తామనేవాళ్ళ జోలికి అసలే పోవద్దు.

మా సంఘంలో ఒక చెల్లెలు ఇట్లా పద్నాలుగు నెలలు కనీసం మొత్తమే కట్టింది. బిల్లు ఎప్పుడూ తెరిచి చూడలేదు, కార్డు ఆమె పేరున ఉన్నా కొన్నది ఇంటాయన. సంఘంలో లెక్క వేసి చూసి, అంతర్గత అప్పు ఇచ్చి కార్డు బాకీ ఒకేసారి కట్టించి, కార్డు మూయమని రాసి ఇచ్చినాము. మూయమన్న తర్వాత బాకీ లేకపోతే ఏడు పని దినాల్లో మూయాలి. లేదంటే రోజుకు 500 చొప్పున బ్యాంకు మనకు ఇవ్వాలి. ఇది 2022 ఏప్రిల్‌లో రిజర్వు బ్యాంకు పెట్టిన నియమం. అడగకుండా కార్డు పంపకూడదని కూడా అందులోనే ఉంది. ఇంటికి వచ్చిన కార్డును మనం ముప్పై రోజులు వాడకం మొదలుపెట్టకపోతే మళ్ళీ మన ఓటీపీతో ఒప్పుదల అడగాలి, మనం ఒప్పుకోకపోతే ఖర్చు లేకుండా మూసేయాలి. “ఓటీపీ చెప్పండి, కార్డు క్యాన్సిల్ చేస్తాము” అని ఫోన్ వస్తే మాత్రం చెప్పవద్దు, బ్యాంకుకే పోండి.

కార్డు ఉన్నవాళ్ళు ఇంకో పని చేయండి. బ్యాంకు యాప్‌లో విదేశీ కొనుగోళ్ళు, ఆన్‌లైన్ కొనుగోళ్ళు అని వేరు వేరు స్విచ్‌లు ఉంటాయి, వాడనివి ఆపి పెట్టుకోవచ్చు. పిల్లలు ఫోన్లో పాటలకు, ఆటలకు ఆటోపే పెట్టి ఉంటారు. 15,000 లోపు అయితే నెల నెలా ఓటీపీ అడగకుండానే కట్ అవుతుంది. కట్ అయ్యే 24 గంటల ముందు మెసేజి రావాలి. ఆ మెసేజి చదివి, వద్దనుకుంటే యాప్‌లో ఆటోపే రద్దు చేయండి.

గ్రామీణ బ్యాంకు ఖాతాలున్న అక్కలు చాలామంది కంగారు పడినారు. మన రాయలసీమ గ్రామీణ బ్యాంకు 2006లో ఆంధ్ర ప్రగతి గ్రామీణ బ్యాంకు అయింది, కడపలో హెడ్డాఫీసు ఉండేది. 2025 మే 1న రాష్ట్రంలోని నాలుగు గ్రామీణ బ్యాంకులూ కలిసి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు అయినాయి. 2020 ఏప్రిల్‌లో ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో, సిండికేట్ బ్యాంకు కెనరా బ్యాంకులో కలిసినాయి. బ్యాంకు కలిసినంత మాత్రాన పొదుపు ఎక్కడికీ పోదు. కానీ ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్ మారుతుంది, యాప్ మారుతుంది. ఆ సందులోనే “కేవైసీ చేయకపోతే ఖాతా మూస్తాము” అని మెసేజి, దాంట్లో ఏపీకే అని ఒక ఫైలు వస్తాయి. అది నొక్కితే మన ఫోన్‌కు వచ్చే మెసేజిలన్నీ దొంగ చదువుతాడు. కేవైసీ కావాలంటే ఆధార్ తీసుకొని బ్రాంచికి పోవడమే. రెండేళ్ళు ఏ లావాదేవీ చేయని ఖాతా నిద్రలోకి పోతుంది, దాన్ని తిరిగి లేపడానికి డబ్బు తీసుకోకూడదు.

రాసి ఇచ్చిన ఫిర్యాదుకు బ్యాంకు 30 రోజుల్లో జవాబు ఇవ్వకపోయినా, ఇచ్చిన జవాబు నచ్చకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు పోవచ్చు. 14448కి ఫోన్ చేస్తే తెలుగులో చెప్తారు. వకీలు అక్కరలేదు, ఫీజు లేదు. కానీ ముందు బ్యాంకుకు ఇచ్చిన కాగితం కాపీ, స్టాంపు, తేదీ ఉండాలి. అందుకే స్టాంపు స్టాంపు అని ఇన్నిసార్లు అంటున్నాము.

ఫిర్యాదు నమూనా ఒకటి మేము తెలుగులో రాసి జిరాక్సులు తెచ్చినాము. పేరు, ఖాతా నంబరు చివరి నాలుగు అంకెలు, తేదీ, సమయం, మొత్తం, యూటీఆర్, “ఈ లావాదేవీ నేను చేయలేదు” గానీ “మోసం చేసి చేయించినారు” గానీ. ఈ రెండింట్లో ఏది నిజమో అదే రాయాలి. ప్రతి గ్రామైక్య సంఘానికి పది కాపీలు ఇస్తాము, మినిట్స్ పుస్తకం వెనక అట్టలో పెట్టుకోండి.

భోజనాలయినాక వెనక గదిలో మేమూ, ఇద్దరు సంఘమిత్రలూ కూర్చుంటాము. ఖాతాకు ఏ నంబరు ఉందో చూసుకోవాలనుకునేవాళ్ళు, కార్డు బిల్లు అర్థం కానివాళ్ళు పాసుబుక్కు, ఫోను తీసుకొని రండి. పిన్ మాత్రం మాకు కూడా చెప్పవద్దు.